ముందుగా చెప్పిన సాక్ష్యం

తొంభై ఎనిమిది నవంబరు ఒకటో తారీఖు, ఆదివారం పొద్దున పదకొండు గంటలకు నేను గుండె డాక్టర్నయ్యాను. బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆ ఉద్యోగం పోయింది. అసలు రానిదాన్ని పోయిందనడం తప్పే. కానీ ఆ మూడు రోజులూ నేను ఆ హోదాలోనే తిన్నాను, పడుకున్నాను, డర్బన్‌లో మేముండే ఆషర్‌విల్ వీధుల్లో తల కాస్త ఎత్తుకుని నడిచాను.

నన్ను గుండె డాక్టర్ని చేసింది మా ఇంటి యజమానురాలు మ్యూరియెల్. వాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల పనికి ఓడెక్కి డర్బన్ వచ్చిన విశాఖపట్నం వైపు వాళ్ళు. తెలుగు ఆమెతోనే ఆగిపోయింది, పిల్లలకు తిట్లు మాత్రం వచ్చు. పెళ్ళైన కొత్తలోనే భర్త ఐవన్‌తో కలిసి బాప్తిస్మం పుచ్చుకుంది. వాళ్ళ పెరట్లో రెండు గదుల్లో మేము అద్దెకు దిగిన రోజున నేను ఆంటీ అని పిలిస్తే ఒప్పుకోలేదు.

"ఆంటీ అని ఊరంతా అంటది. నువ్వు పెద్దమ్మా అను. అలగ పిలిసేవోళ్ళు నాకు ఎవులూ నేరు ఇప్పుడు" అంది.

మా విజయనగరంలో నాయనమ్మతోనే పోయాయనుకున్న మాటలు హిందూ మహాసముద్రం అవతల ఒక పెంతెకోస్తు ఆవిడ నోట వినేసరికి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ రోజు నుంచీ ఆమె నాకు పెద్దమ్మే.

నేను అప్పటికి మూడేళ్ళుగా డర్బన్‌లో ఒక పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్ని. గుండె విభాగంలో పై శిక్షణకు రెండు సీట్లుంటే తొమ్మిది మందిమి ఇంటర్వ్యూకి వెళ్ళాం. నా కాంట్రాక్టు డిసెంబరు ముప్పై ఒకటితో ముగుస్తుంది. సీటు వస్తే జనవరి నుంచి కొత్త కాంట్రాక్టు. రాకపోతే, వేరే ఉద్యోగం దొరక్కపోతే, పర్మిట్ కూడా ఆ రోజుతోనే సరి. మా ఆయన శశికాంత్ అనకాపల్లిలో లెక్కల లెక్చరరు. ఇక్కడ నా పాస్‌పోర్టుకు తోకగా వచ్చాడు కాబట్టి ఉద్యోగం చేసే హక్కు లేదు, వంట చేసే హక్కు మాత్రం ఉంది. అఖిలకు ఏడేళ్ళు. జులూ పాటలు పాడుతూ స్నానం చేసేది. ముగ్గురి బతుకూ నా ఒక్కదాని సంతకం మీద నిలబడి ఉంది.

పెద్దమ్మ వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుణ్ణి అడిగింది ఇంకా చేతికి రాకముందే, వచ్చేసినట్టుగా పదిమందిలో కృతజ్ఞత చెప్పాలి. వస్తుందేమో అంటే అనుమానపడినట్టు. అనుమానం ఉన్న చోట దేవుడు చెయ్యి పెట్టడని వాళ్ళ నమ్మకం. ఇంటర్వ్యూ అయిన తర్వాత వచ్చిన ఆదివారం ఆమె నన్ను ప్రార్థనకు రమ్మంది. బొట్టు పెట్టుకుని వస్తే బాగుంటుందా అని నసిగాను.

"నీ బొట్టు నీది. కుర్చీ అందరిది. రా" అంది.

అది ఒక బడి హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల డ్రమ్ములు. పాటలయ్యాక పాస్టర్ హెరాల్డ్, సాక్ష్యం చెప్పేవాళ్ళు రండి అన్నాడు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పితో నెమ్మదిగా నడిచి వెళ్ళి మైకు పట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది. "మా పెరట్లో ఉన్న డాక్టరమ్మకు పెద్దాసుపత్రిలో హార్ట్ స్పెషలిస్టు పోస్టు ఇచ్చినందుకు ప్రభువుకు వందనాలు."

రెండు వందల మంది ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. బయట టీ దగ్గర అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "ఇంకా రిజల్టు..." అని నోరు తెరిచానో లేదో, పెద్దమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. థ్యాంక్యూ అన్నాను. ఇంకొకరు వచ్చారు. థ్యాంక్యూ అన్నాను. నాలుగో మనిషి వచ్చేసరికి గిల్లాల్సిన అవసరం లేకపోయింది.

బుధవారం ప్రొఫెసరు తన గదికి పిలిచి, కూర్చోమని, లేచి వెళ్ళి తలుపు వేశాడు. రోగి బంధువులకు చెడ్డ కబురు చెప్పాలంటే మేమూ అలాగే వేస్తాం కనుక ఆయన నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది. రెండు సీట్లూ ఇక్కడే పుట్టి ఇక్కడే చదివిన వాళ్ళకు ఇచ్చారు. నాలుగేళ్ళ కిందటి దాకా ఒంటి రంగు చూసి ఇలాంటి శిక్షణకు రానివ్వని కుటుంబాల పిల్లలు వాళ్ళు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టడానికి లేకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. ఎవరినైనా తిట్టుకునే వీలుంటే రాత్రికి నిద్రన్నా పట్టేది.

ఇంటికొచ్చి చెబితే శశికాంత్ పోపు మాడకుండా స్టవ్ ఆర్పాడు.

"ఇంకెన్ని వారాలున్నాయి?"

"ఎనిమిది."

"ఎన్ని ఆసుపత్రులున్నాయి?"

"తెలీదు."

"అయితే ముందు అది రాద్దాం" అని అఖిల లెక్కల పుస్తకంలోంచి ఒక కాయితం చింపాడు. ఓదార్చడం ఆయనకు రాదు. ఆ రోజు అదే మంచిదైంది.

పెద్దమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. వెళ్ళి చెప్పాను. "ఆ పోస్టు రాలేదు పెద్దమ్మా."

"ఐకోనా!" అంది. తోటల్లో పనిచేసిన నాటి నుంచీ వాళ్ళ ఇళ్ళలో నిలిచిపోయిన మాట అది. కానే కాదు అని. "రానేదు అని అనకు. లేట్ అయింది అను. దేవుడు ఏటి, గవర్నమెంట్ ఆఫీసా, టైముకి గేటు ఏసీడానికి?"

"వేరే వాళ్ళకు ఇచ్చేశారు పెద్దమ్మా."

"సరే. నువ్వు డౌట్ పడకు. నేను మైకులో సెప్పినాను" అని దుప్పటి మడతపెట్టింది. కొసలు మాత్రం కలవలేదు. నేను చూశాను. రెండో అంచు పట్టుకున్నాను.

అక్కడితో ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. సంఘంలో ఎవరికైనా నిజం చెబితే పెద్దమ్మ పరువు పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కూరగాయల కొట్టు దగ్గరా బస్సు స్టాపు దగ్గరా ఆ సంఘం వాళ్ళు ఎదురై "హార్ట్ డిపార్ట్‌మెంట్ ఎలా ఉంది డాక్టర్?" అంటే "బాగుంది" అనడం నాకు బాగుండేది. లోకంలో రెండు వందల మంది దృష్టిలోనైనా నేను గెలిచాను కదా. ముప్పై ఆరేళ్ళ మనిషిని, పిల్ల తల్లిని, అయినా అంతే.

నవంబరంతా ఉత్తరాలు, ఫ్యాక్సులు, ఫోన్లు. చదువు ముగించిన ప్రతి కుర్ర డాక్టరూ ఒక ఏడాది ప్రభుత్వం పంపిన చోట పనిచేయాలన్న నియమం అప్పుడే వచ్చింది. చిన్న ఊళ్ళలో ఖాళీలన్నీ వాళ్ళతో నిండిపోయాయి. మిగిలిన చోట్ల పోస్టులు ఆపేశామన్నారు. "అక్టోబరులో అడగాల్సింది" అని ఒక క్లర్కు చాలా మర్యాదగా చెప్పింది. అక్టోబరులో నేను గుండె తప్ప వేరే అవయవం వైపు చూడలేదని ఆమెకు ఎలా చెప్పను? పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఒక చోట ఇంటర్వ్యూకి పిలిచి, నేను వెళ్ళేసరికి మనిషిని తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ ఊళ్ళోనే రైస్‌థార్ప్ బజారులో ఒక బట్టల కొట్టు మెట్ల మీద కూర్చుని, వెనిగర్ పోసిన వేడి చిప్స్ పొట్లం మొత్తం ఒక్కదాన్నే తిన్నాను. శశికాంత్ కాయితం మీద పధ్నాలుగు పేర్లు రాస్తే డిసెంబరు పదికి పదమూడు కొట్టేశాడు. పధ్నాలుగో దానికి ఫోను ఎవరూ ఎత్తలేదు. ఆయన అటక మీంచి సూట్‌కేసులు దింపి, దుమ్ము దులిపి, అఖిల చూడకుండా మంచం కిందకు తోశాడు.

డిసెంబరు పదహారు సెలవు. సంఘం వాళ్ళందరూ సముద్రం ఒడ్డుకు వనభోజనానికి వెళుతూ మమ్మల్నీ లాక్కెళ్ళారు. పెద్దమ్మ ఇనప డేగిశాలో బిర్యానీ కలుపుతోంది. నేను పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాను. ఐవన్ మేనకోడలు షార్మేన్ చంకలో పిల్లాడితో వచ్చింది. షాకాస్‌క్రాల్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగుల కాయితాలు చూసే క్లర్కు. వాళ్ళ తరం కాబట్టి అంతా ఇంగ్లీషే.

"మీలాంటి వాళ్ళు మాకు దొరకరు డాక్టర్" అంది పిల్లాడి నోట్లో బిస్కెట్ పెడుతూ. "మా మెడికల్ వార్డు చూసే డాక్టరు అక్టోబరులో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. మా సూపరింటెండెంట్ డాక్టర్ పెర్సీ రోజూ నా బల్ల దగ్గరకొచ్చి తల పట్టుకుంటాడు. మా ఆంటీ పెరట్లో ఎం.డి. చదివిన ఆవిడ ఉంది, అడగనా అందామనుకున్నాను. అంతలోకే ఆంటీ సాక్ష్యం చెప్పారు కదా, మీకు డర్బన్‌లో పెద్ద పోస్టు వచ్చిందని. ఇంకెందుకులే అని ఊరుకున్నాను. పోస్టు ఎల్లుండి శుక్రవారంతో మూసేస్తున్నాం. తీసుకోకపోతే డిపార్ట్‌మెంట్ లాగేసుకుంటుంది."

కత్తి నా చేతిలోనే ఉంది. చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళున్నారు, అందరూ పెద్దమ్మ నడిపే గురువారం ప్రార్థనకు వచ్చేవాళ్ళే. ఒక్క మాట చాలు. ఆ ఉద్యోగం నాకు రాలేదు షార్మేన్. అంతే. కొంచెం దూరంలో శశికాంత్ అఖిల చెప్పుల్లో ఇసుక దులుపుతున్నాడు. మంచం కింద సూట్‌కేసులు గుర్తొచ్చాయి. అయినా, సాయంత్రం షార్మేన్‌ని పక్కకు పిలిచి చెప్పొచ్చులే, ఇంటికెళ్ళి ఫోను చెయ్యొచ్చులే అని లోపల లెక్కలు కడుతూ ఉల్లిపాయ తరుగుతూనే ఉన్నాను. పెద్దమ్మ కోసం ఆగానని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. నిజానికి నా ముఖం చెల్లదనే ఆగాను.

డేగిశాలో గరిటె చప్పుడు ఆగింది.

"ఆమెకు రాలేదు" అంది పెద్దమ్మ, అందరికీ తెలిసేలా ఇంగ్లీషులో. "నేను తొందరపడ్డాను. జనవరి నుంచి ఆమెకు ఏ ఉద్యోగమూ లేదు. షార్మేన్, మీ పెర్సీకి ఈ రోజే ఫోను చెయ్యి."

తర్వాత మళ్ళీ గరిటె తిప్పింది. ఒకావిడ లేచి ప్లేట్లు సర్దడానికి వెళ్ళింది. బిర్యానీ అడుగంటింది. ఆ ఏడాది వనభోజనంలో అందరికీ గుర్తున్నది అదేనని తర్వాత విన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో శశికాంత్ వంతెన దాటాక అన్నాడు. "ఆవిడ నోరు విప్పింది. నువ్వు విప్పలేదు."

"తెలుసు."

"తెలిస్తే సరే."

శుక్రవారం వెళ్ళాను. చెరుకు పొలాల మధ్య రేకుల కప్పుతో పొడుగాటి బిల్డింగు. డాక్టర్ పెర్సీకి అరవై ఉంటాయి, చొక్కా జేబుకు ఇంకు మరక. నా కాయితాలు చదవకుండానే వార్డులోకి తీసుకెళ్ళాడు. నలభై ఆరు మంచాలు, అరవై ఒక్క మంది మనుషులు. మంచాల మధ్య నేల మీద పరుపులు వేశారు. సగం మంది పాతికేళ్ళు దాటని వాళ్ళు. ఎయిడ్స్ అని ఛార్టులో రాసేవారు కాదు, కానీ అందరికీ తెలుసు. మా పెద్దాసుపత్రిలోనూ ఇదే చూశాను. అక్కడ కనీసం నాలుగు మెషీన్లు మధ్యలో అడ్డం ఉండేవి.

"ఇక్కడ ఎకో మెషీన్ లేదు. మీకు గుండె మీద ఇష్టమని షార్మేన్ చెప్పింది" అన్నాడు.

కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి నాలుగు దిళ్ళకు ఆనుకుని ఆయాసపడుతోంది. టీబీ అని మందులు రాసి ఉన్నాయి. మెడ మీద సిర చెవి దాకా ఉబ్బి కనిపించింది. పట్టుకుంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి అందకుండా పోతోంది. గుండె చప్పుడు దూరంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టుంది.

"గుండె చుట్టూ నీరు పట్టింది. తియ్యాలి" అన్నాను.

"డర్బన్‌కి పంపుతాం. అంబులెన్స్ సోమవారం వస్తుంది."

"సోమవారం దాకా ఆగదు. సూది ఉందా?"

ఉంది. విశాఖలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మెషీన్ లేకుండానే నేర్చుకున్న పని అది. ఒక పెద్ద గ్లాసుడు నీరు తీశాం. ఆ అమ్మాయి దిళ్ళు రెండు తీసి పక్కన పెట్టమంది. పెర్సీ చేతులు కడుక్కుంటూ "జనవరి ఒకటో తారీఖు సెలవు. సోమవారం నాలుగున రండి. ఏడు గంటలకు" అన్నాడు. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు.

పర్మిట్ నిలబడింది. క్వార్టర్సు ఇచ్చారు. సూట్‌కేసులు పనికొచ్చాయి, దగ్గరి ప్రయాణానికి. కానీ మనసులో చిన్నతనంగా ఉండేది. ఒక జిల్లా మూలలో వార్డు డాక్టరు. నాతో చదివిన వాళ్ళు అప్పటికే పేరు చివర మూడు డిగ్రీలు తగిలించుకున్నారు. విజయనగరానికి ఫోను చేసినప్పుడు నాన్నతో "గుండె రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రి" అన్నాను. శశికాంత్ పక్కనే ఉండి విన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

జనవరి రెండున, శనివారం, ఐవన్ తన బక్కీ ట్రక్కు వెనక మా సామాను కట్టాడు. తాడు బిగిస్తూ, పెద్దమ్మ వంటింట్లో ఉందని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. ఆయన కూడా ఇంగ్లీషే.

"గురువారం ప్రార్థన ఆపేశారు, చూశావా?"

చూశాను. పండగ రోజులు కదా అనుకున్నాను.

"పండగ కాదు. మైకులో చెప్పిన మాటను మైకులోనే సరిదిద్దాలని పాస్టర్ అన్నాడు. అప్పటిదాకా ప్రార్థన నడపొద్దన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, రూలు రూలే. ఇరవై రెండేళ్ళు నడిపింది. రేపు లేచి చెబుతుంది. మూడు రోజుల నుంచి సరిగా తినడం లేదు."

వంటింట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ మాకోసం ఆవకాయ జాడీకి గుడ్డ కడుతోంది.

"పెద్దమ్మా, రేపు ఏం చెప్తావు?"

"ఏటి సెప్తాను? తప్పు అయింది అంటాను." ముడి మళ్ళీ విప్పి మళ్ళీ కట్టింది. "నేను తప్పు అంటే పరవానేదు. ఆ పిల్లలు, కొత్తగా ఒచ్చినోళ్ళు, దేవుడు అబద్దం అనుకుంటారు. అదే నాకు బాద." తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. "నిజం సెప్పు. నేను మైకులో సెప్పినప్పుడు నువ్వు బిలీవ్ సేసినావా?"

"చేశాను. బుధవారం దాకా."

"బుదవారం తరవాత?"

"తర్వాత నమ్మలేదు. కానీ వాళ్ళు అంటుంటే వినడం బాగుండేది."

పెద్దమ్మ తల ఊపింది. "నాకూ" అంది.

ఆదివారం పొద్దున కొత్త క్వార్టర్సులో పెట్టెలు విప్పకుండానే షేర్ వ్యాను లాంటి కాంబీ ట్యాక్సీ ఎక్కి డర్బన్ వచ్చాను. హాలుకు చేరేసరికి పాటలు అయిపోవచ్చాయి. పెద్దమ్మ మూడో వరసలో, తెల్ల టోపీ పెట్టుకుని, ఒళ్ళో బైబిలు తెరవకుండా పట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వరసలో ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు.

"నువ్వెందుకొచ్చినావు? రేపు డ్యూటీ కాదేటి?" అని గుసగుసగా కసిరింది.

పాస్టర్ హెరాల్డ్ ఆమె పేరు పిలిచాడు. పెద్దమ్మ ముందు కుర్చీ పట్టుకుని లేవబోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, లేచాను. మైకు దాకా ఎంత దూరమో అప్పుడు తెలిసింది. పాస్టర్ ఒక్క క్షణం తటపటాయించి మైకు నా చేతికిచ్చాడు.

"నవంబరు నాలుగో తారీఖునే ఆ పోస్టు నాకు రాలేదని తెలుసు" అన్నాను. "ఆ రోజే మ్యూరియెల్ గారికి చెప్పాను. ఆవిడ ఇంకా వస్తుందని నమ్మారు. నేను నమ్మలేదు. మీలో నలభై మందైనా నన్ను అభినందించారు. అందరికీ థ్యాంక్యూ చెప్పాను. ఆవిడ చెప్పింది నమ్మకం. నేను చెప్పింది అబద్ధం."

ఎవరూ ఆమెన్ అనలేదు. మైకు ఇచ్చేసి దిగుదామని తిరిగాను. మూడో వరసలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది.

"ఏటే, అంతేనా?" అని హాలంతా వినేలా తెలుగులో అరిచింది. ఆ హాల్లో ఆ మాటలు తెలిసినవాళ్ళు మేమిద్దరమే. "ఒచ్చిన ఉద్యోగం సెప్పవేటి, సిగ్గునేనిదానా? అది ఎవులు సెప్తారు, మీ బాబా?"

మళ్ళీ మైకు తీసుకున్నాను. షాకాస్‌క్రాల్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రి అని చెప్పాను. నలభై ఆరు మంచాలు, అరవై ఒక్క మంది మనుషులు అని చెప్పాను. గుండె స్పెషలిస్టును కాదు, ఆ వార్డుకు డాక్టర్నని చెప్పాను. ఆ ఉద్యోగం పేరు సిగ్గుపడకుండా చెప్పుకోవడం నాకు అదే మొదటిసారి.